గుడ్డలు ఉతికిన నీళ్లు

జూన్ 4, సోమవారం

నాకు చదువు రాదు. చెబుతున్నది నేను, రాస్తున్నది మా ఆడపడుచు. ముప్పై ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది కాబట్టి వీధంతా ప్రూఫులమ్మ అంటారు, నేనూ అదే అంటాను. మొగుడు పోయాక నా ఇంటి ముందుగదిలోకి చేరింది. ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. ఈవిడ ముప్పాతిక.

ముందే షరతు పెట్టాను. నేనేం చెబితే అదే రాయాలి, దిద్దకూడదు. "తప్పుంటేనో" అంది. "నా తప్పు నాది, నువ్వు రాయి" అన్నాను.

ఎందుకు రాయించుకుంటున్నానంటే, వీధి చివర చేతిపంపు చెడిపోయింది. పంపు బాగానే ఉంది, నీళ్లు చెడిపోయాయి. పదకొండు ఇళ్లకు అదొక్కటే ఆధారం. ఎండలు ముదిరినప్పటినుంచి బిందెలో నీళ్లు తేరుకోగానే పైన తెట్టు కడుతోంది, రంగులు రంగులుగా తిరుగుతోంది. మూత తీస్తే కిరసనాయిలు వాసన. పక్కింటి దర్జీ భార్యకు మోచేతుల దాకా దద్దుర్లు. ఆవిడ మనవరాలికి పొట్టలో నొప్పి తగ్గడం లేదు.

పెద్దరోడ్డు మీద ప్రెస్సు ఉంది. దాని మురుగు వెనక కాలవలో పడి మా పంపులోకి దిగుతోందని నేనే అర్జీ పెట్టించాను. అందరూ సంతకాలు పెట్టారు. మొదటి వేలిముద్ర నాది. వీధిలో గొంతు పెద్దది నాదే కదా, మరి ముందు నిలబడేది ఎవరు. ప్రెస్సు వాళ్లు మాకు కుళాయి వేయించాలి. అదీ నా కేసు, ఇంకేం లేదు. నీళ్ల ఆఫీసరు జూలై రెండున వీధికే వచ్చి వింటాడట. ఆవేళ నోరు తడబడకుండా ఉండాలని జరిగింది జరిగినట్టు ఇందులో పెట్టిస్తున్నాను. ఇది అర్జీ కాదు. ఎవరికీ చూపించేది కాదు.

ఈ పుస్తకం కూడా ప్రెస్సుదే. రంగు కుదిరేదాకా పారేసే కాగితాలు, ఒకవైపు సబ్బుబిళ్లల బొమ్మలు, రెండోవైపు తెలుపు. ప్రూఫులమ్మ పాత కట్టల్లోంచి తీసి కుట్టింది. "వాళ్ల కాగితం మీదే వాళ్ల గుట్టు రాస్తున్నాం వదినా" అని నవ్వింది.

నవ్వనీ.

జూన్ 7, గురువారం

గుడ్డల మూట వచ్చింది.

కేసులోకి గుడ్డల సంగతి అక్కర్లేదు. కానీ తారీఖు వేశాక ఏదో ఒకటి రాయాలి కదా. ప్రెస్సులో మిషను ఆపినప్పుడల్లా రోలర్లకు అంటిన రంగును, అది కరిగే మందు పోసి గుడ్డలతో తుడుస్తారు. ఆ గుడ్డలు సోమవారం, గురువారం నా దగ్గరికి వస్తాయి. ఇరవై ఏడేళ్లుగా వస్తున్నాయి. మా ఆయన ఆ ప్రెస్సులోనే కాగితం కత్తిరించే మిషను మీద పనిచేసేవాడు. ఆయన పోయినప్పుడు పాత ఫోర్‌మన్ ఈ పని చూపించాడు. తొట్టిలో సోడా వేసి రాత్రంతా నానబెట్టి, పొద్దున్న వేడినీళ్లతో బాది, ఆరేసి, మడతపెట్టి పంపుతాను. వేరే ప్రెస్సుల్లో ఒకసారి తుడిచి అవతల పడేస్తారు. నా చేతిలో పడ్డ గుడ్డ నలభైసార్లు రోలరు ఎక్కుతుంది. నలభై ఒకటోసారికి పోగులుగా విడిపోతుంది, అప్పుడు వదిలేస్తాను.

మూట తెచ్చే బండి మనిషి గుమ్మంలో నిలబడి పళ్లికిలించాడు. "ఏంటమ్మా, ఒక చేత్తో కేసు, ఒక చేత్తో ఉతుకా?"

"నాకు రెండు చేతులిచ్చాడు దేవుడు. నీకు నోరొక్కటే ఇచ్చినట్టున్నాడు. దించు."

సాయంత్రం తొట్టిలో పాతనీళ్లు ఖాళీచేసి కొత్త మూట నానబెట్టాక ఇదంతా చెబుతుంటే ప్రూఫులమ్మ కలం ఆపింది. "నీళ్లు ఎక్కడ పారబోశావో రాయనా?"

రాయక్కర్లేదన్నాను.

జూన్ 8, శుక్రవారం

ఎండ. దర్జీ భార్య మార్కెట్టు కుళాయి నుంచి తనకో క్యాను, నాకో క్యాను మంచినీళ్లు తెచ్చింది. నా మోకాళ్లు అంతదూరం పోవు. ఆవిడవీ పోవు, కానీ తెస్తుంది.

జూన్ 11, సోమవారం

ఇవాళ నా ఇంటికి సూటువాడొచ్చాడు. ప్రెస్సులో కొత్తగా చేరాడట. ఒక పెద్ద కంపెనీ వాళ్ల అచ్చుపని అంతా ఈ ప్రెస్సుకు ఇవ్వాలంటే, ప్రెస్సు గాలినీ నీళ్లనూ పాడుచెయ్యడం లేదని రుజువు కావాలట. రుజువైతే పచ్చాకు బొమ్మ ఇస్తారట, గుమ్మం మీద పెట్టుకోవచ్చు. ఆ బొమ్మ తెప్పించడమే ఇతని ఉద్యోగం. నేను పచ్చాకు బాబు అని పేరు పెట్టాను. కోపం తెచ్చుకోలేదు. మంచివాడే.

"అమ్మమ్మా, మీ అర్జీ సంగతి నాకు తెలుసు. మా కాలవ మీరే వచ్చి చూసుకోండి, దాచేదేం లేదు. నేనొచ్చింది వేరే పనిమీద" అన్నాడు. తెల్లచొక్కాతో మూట పక్కనే కింద కూర్చున్నాడు. కుర్చీ వేస్తానన్నా వద్దన్నాడు. ఒక గుడ్డ ఎన్నిసార్లు వాడతారు, ఎంత సోడా పడుతుంది, నలభై తర్వాత ఏమవుతుంది, అన్నీ అడిగి రాసుకున్నాడు. కాగితం రెండువైపులా వాడుతున్నారట. కిరసనాయిలు రంగులు మానేసి మొక్కల నూనె రంగులు తెప్పిస్తారట, వచ్చే ఏడు. "వీటన్నిటికంటే మీ పనే గొప్పది. మిగతావన్నీ మేం ఇప్పుడు నేర్చుకుంటున్నాం, మీరు ఇరవై ఏడేళ్ల నుంచి చేస్తున్నారు" అన్నాడు. నా ఫోటో తీశాడు. ఒక గుడ్డ పట్టుకోమన్నాడు. నీలం మరక పోని గుడ్డ నా చేతికొస్తే పక్కనపెట్టి తెల్లటిది తీసుకున్నాను.

అన్నీ అడిగాడు గానీ నీళ్లు ఎటు పోతాయో అడగలేదు. అడుగుతాడేమోనని చూశాను. లేచి చెప్పులు వేసుకుంటుంటే కూడా చూశాను. అడిగితే చెప్పేదాన్ని.

జూన్ 12, మంగళవారం

నీళ్ల ఆఫీసు మనిషి పంపు దగ్గర మూడు సీసాలు నింపుకుపోయాడు. పరీక్ష చేస్తారట. వీధంతా వెంట నడిచింది. నేను ముందు నడిచాను.

నా పెరట్లో నిమ్మచెట్టు ఎండిపోయి తొమ్మిదేళ్లయింది. చీడపట్టి ఎండింది. అది కూడా ప్రెస్సు ఖాతాలోనే వెయ్యమన్నాను. ప్రూఫులమ్మ నా వంక ఒకసారి చూసి వేసింది.

జూన్ 15, శుక్రవారం

ప్రెస్సు వెనక కాలవ చూసొచ్చాను. సాక్ష్యం చెప్పేదాన్ని, చూసి చెప్పాలి కదా.

ఎండిపోయి ఉంది. అడుగున ఆకులు, ఒక విరిగిన దువ్వెన. గోడ పొడుగునా నడిచాను, ఎక్కడా తడి లేదు. వాడేసిన మందంతా డ్రమ్ముల్లో పోసి మూతలు బిగించి ఒక పక్కన వరసగా పెట్టారు. నెలకోసారి లారీ వచ్చి తీసుకుపోతుందట. కాపలావాడు వద్దనలేదు. "చూసుకో అమ్మా, బాగా చూసుకో" అని తాళం తీసి మరీ చూపించాడు.

ఇంటికొచ్చి, వాళ్లు రాత్రిపూట వదులుతారు, పగలు ఆరిపోతుంది అని రాయమన్నాను.

ప్రూఫులమ్మ కలం మూత పెట్టేసింది. "ముప్పై ఏళ్లు ఆ ప్రెస్సు కిటికీ పక్కన కూర్చున్నాను వదినా. కిటికీ కిందే ఆ కాలవ. వానకాలంలో తప్ప దాంట్లో నీళ్లు నేను చూళ్లేదు."

"అయితే నేను అబద్ధమాడుతున్నానా?"

"నేను అనలేదు. నువ్వే అంటున్నావు."

"గుమ్మడికాయల దొంగంటే నేనెందుకు భుజాలు తడుముకోవాలి?"

"తడుముకుంటున్నావు గనక."

చెప్పకూడని మాటలు చెప్పాను. నా ఇంట్లో కూర్చుని నా తిండి తిని అన్నాను. ఆ మాట దాకా రాసి, ఇక రాయనంటోంది.

జూన్ 20, బుధవారం

నాలుగు రోజులు రాయలేదు. రాసేది అలిగింది. ముందుగదిలో వేరుకుంపటి పెట్టుకుంది. నేను పిలవలేదు. ఇవాళ తనే వచ్చి పుస్తకం తెరిచి కూర్చుంది.

"నీకు పనీపాటా లేక వచ్చావా?"

"కళ్లు పోతున్నాయి వదినా. ఉన్నన్నాళ్లే రాయగలను. తర్వాత నీ కేసు నీ గోడకి చెప్పుకో."

సరే రాయమన్నాను. ఈరోజు ఏమీ జరగలేదు.

జూన్ 21, గురువారం

గుడ్డల మూటతోపాటు ఒక పుస్తకం వచ్చింది. నున్నటి కాగితం, చేత్తో తడిమితే జారిపోతోంది. పచ్చాకు బాబు పంపాడు. పెద్ద కంపెనీ వాళ్లకు ఇవ్వడానికి అచ్చు వేశారట, ముందు కాపీ నాకట. నాలుగో పేజీలో నా ఫోటో. తెల్ల గుడ్డ పట్టుకుని పళ్లు బయటపెట్టి నవ్వుతున్నాను. నేనెప్పుడు నవ్వానో నాకే తెలీదు.

దర్జీ భార్య చూసి, "పెళ్లిచూపుల్లో కూడా ఇంత బాగా నవ్వి ఉండవు అక్కా" అంది. తీసుకెళ్లి నాలుగిళ్లకు చూపించి తెచ్చింది. దద్దుర్లు కనపడకుండా చేతులు మోచేతుల దాకా కొంగుతో కప్పుకుని మరీ చూపించింది.

ఆవిడ వెళ్లాక ప్రూఫులమ్మను చదవమన్నాను. నా బొమ్మ కింద ఏముందో.

కళ్లజోడు తుడుచుకుని చదివింది. "కాగితం ఆదా, వందకు ముప్పై పాళ్లు. కరెంటు ఆదా, వందకు పన్నెండు. పారేసిన గుడ్డలు, సున్నా. ఉతుకు నీరు, సున్నా."

"మళ్లీ చదువు."

"ఉతుకు నీరు, సున్నా."

"సున్నా అంటే?"

"లేదని."

"లేకపోతే ఇరవై ఏడేళ్లు దేంతో ఉతికాను, ఉమ్మితోనా?"

"ప్రెస్సులో ఉతకరు కదా వదినా. ప్రెస్సు గోడల లోపల ఒక్క చుక్క కూడా వాడలేదు. వాళ్ల లెక్కలో తప్పు లేదు." కళ్లజోడు తీసి అంది, "నేనైతే దిద్దేదాన్ని. కానీ నన్నెవరు అడిగారు."

పుస్తకం తీసుకెళ్లి తొట్టి పక్కన పెట్టాను. తొట్టి నిండా నల్లటి నీళ్లు. నా బొమ్మ తెల్లగుడ్డ పట్టుకుని ఆ నీళ్లు చూస్తూ కూర్చుంది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్ని బిందెలు మోశాను. చలికాలంలో వేళ్లు పగిలి రక్తం వస్తే వాటి మీద కొబ్బరినూనె రాసుకుని మళ్లీ అదే తొట్టిలో పెట్టాను. వాళ్ల పుస్తకంలో నేనున్నాను, నా గుడ్డలున్నాయి, నా నీళ్లు మాత్రం లేవట.

జూన్ 24, ఆదివారం

ఇది రాయి. నేను ఆపమన్నా ఆపకు.

మొదట్లో నేను అడిగాను. ఉతికిన నీళ్లు ఎక్కడ పొయ్యను అని పాత ఫోర్‌మన్‌ను అడిగాను. "మట్టిలో పొయ్యమ్మా, భూమి తాగేస్తుంది" అన్నాడు. పెరట్లో నిమ్మచెట్టు పక్కన గుంట తవ్వించాడు ఆయనే, మనిషిని పంపి. పద్దెనిమిదేళ్లు అందులోనే పోశాను. భూమి తాగింది. నిజంగానే తాగింది, పొద్దున్న పోస్తే సాయంత్రానికి గుంట ఖాళీ.

నిమ్మచెట్టుకు చీడ పట్టలేదు.

ఆకులు కాలినట్టు అంచులనుంచి ఎండుతూ వచ్చాయి. కాయ కోస్తే లోపల వాసన. నాకు ఆ వారమే తెలిసింది. తెలిసి ఏంచేశానంటే, అవతలి పక్క జామచెట్టు ఉంది, మా ఆయన నాటింది, దానికి కూడా ఈ గతి పడుతుందని భయమేసింది. ఆ గుంట పూడ్చేసి కొత్త గుంట తవ్వాను, జామచెట్టుకు దూరంగా, పెరటి మూలకు. నా చేతులతో, ఎవరికీ చెప్పకుండా, మూడు రోజులు తవ్వాను. పాతదానికంటే రెండింతలు లోతు. లోతైతే చెట్టు వేళ్లకు తగలదనుకున్నాను.

ఆ మూల గోడకు అవతల పంపు.

జామచెట్టు బాగుంది. ఈ ఏడు కూడా కాసింది. పక్కింటి మనవరాలికి నేనే పంపాను.

ప్రూఫులమ్మను చూశాను. రాస్తోంది, తల ఎత్తకుండా. "నీకు తెలుసా?" అన్నాను. "గుంట తవ్విన మూడో రోజు చేతులకు బొబ్బలు చూపించి నూనె రాయమన్నావు వదినా" అంది. తొమ్మిదేళ్లు ఆ నోట్లో నువ్వుగింజ నానిందంటే నమ్మలేకపోయాను.

జూన్ 25, సోమవారం

మూట వచ్చింది. వెనక్కి పంపాను. బండి మనిషి కారణం అడిగాడు. నడుం నొప్పన్నాను.

జూన్ 27, బుధవారం

ప్రూఫులమ్మ మాట: "చెబితే వీధిలో ఉండలేవు. చెప్పకపోతే కేసు నిలవదు. కాలవ ఎండి ఉంది, ఆఫీసరుకు కళ్లున్నాయి. ఆ మందు పంపులోకి ఎలా వచ్చిందో చెప్పగలిగేది నువ్వొక్కదానివే."

నా మాట: గుడ్డలు వాళ్లవి. రంగు వాళ్లది. మందు వాళ్లది. నావి చేతులే. అన్నీ వాళ్లవైతే నీళ్లు మాత్రం నావెలా అవుతాయి. అది ఆఫీసరుకు చెబితే అర్థమవుతుంది. ఎందుకు కాదు. గుంట నాదే కానీ గుంటలో ఉన్నదంతా ప్రెస్సుది అని చెబుతాను. అప్పుడు ప్రెస్సు కుళాయి వెయ్యాల్సిందే. వీధి నాలుగు రోజులు తిడుతుంది, నీళ్లొచ్చాక మానేస్తుంది.

ఇది పదిసార్లు చెప్పించుకుని అప్పజెప్పుకున్నాను.

జూన్ 29, శుక్రవారం

దర్జీ భార్యకు ముందు చెబుదామనుకున్నాను. క్యాను దించి, కొంగుతో మొహం తుడుచుకుని, "సోమవారం నువ్వు మాట్లాడితే చాలక్కా, మాకెవరికీ నోరు లేదు" అంది.

సరేనని క్యాను లోపల పెట్టుకున్నాను.

జూలై 2, సోమవారం

విచారణ పంపు దగ్గరే పెట్టారు. ఒక బల్ల, మూడు కుర్చీలు. ఆఫీసరు, పచ్చాకు బాబు, ప్రెస్సు మేనేజరు కూర్చున్నారు. మేం నిలబడ్డాం. ప్రూఫులమ్మ నా చెయ్యి పట్టుకుంది, కళ్లు కనపడక పట్టుకుంది.

ఆఫీసరు కాగితం చూసి చెప్పాడు. నీళ్లలో ఉన్నది మిషను రోలర్లు తుడిచే మందే, రంగులే. వీధంతా హోరెత్తింది. ఎవరో చప్పట్లు కొట్టారు. ఆఫీసరు చెయ్యెత్తాడు. "కానీ ప్రెస్సు కాలవ, నేల, డ్రమ్ములు అన్నీ పరీక్ష చేశాం. ఒక్క చుక్క బయటికి పోయిన ఆనవాలు లేదు. మరి ఇక్కడికెలా వచ్చిందో అర్జీదారులు చెప్పాలి."

అందరూ నావైపు చూశారు. దర్జీ భార్య నా వీపుమీద చెయ్యి వేసి కాస్త ముందుకు తోసింది.

చెప్పాను. గుంట చూపించాను. గోడ చూపించాను. తడబడలేదు. అప్పజెప్పుకున్నదంతా చెప్పాను, గుడ్డలు వాళ్లవి, రంగు వాళ్లది, మందు వాళ్లది.

ఆఫీసరు మేనేజరును అడిగాడు. "గుడ్డలు మీరే పంపుతారా?"

"పంపుతామండీ. ఉతకడానికి పంపుతాం. ఎక్కడ పారబొయ్యమన్నామో ఆవిణ్ణే అడగండి."

"ఫోర్‌మన్ భూమిలో పొయ్యమన్నాడు" అన్నాను.

"ఏ ఫోర్‌మన్?"

"పాత ఆయన. పోయాడు."

మేనేజరు రెండు చేతులూ ఇలా విప్పాడు. పచ్చాకు బాబు మొహం తెల్లబోయింది. వాడు నా గుంటవైపే చూస్తున్నాడు. "నేను అడగాల్సింది" అన్నాడు, ఎవరికీ వినపడనంత మెల్లగా. నాకు వినపడింది. మేనేజరుకూ వినపడిందేమో, కాలితో వాడి కాలు తొక్కాడు.

ఆఫీసరు రాసుకున్నాడు. అర్జీ ప్రెస్సు కాలవ మీద. కాలవ శుభ్రంగా ఉంది. అర్జీ కొట్టేశారు. గుంట విషయమై ఎవరైనా ఫిర్యాదు ఇవ్వదలిస్తే వేరే అర్జీ పెట్టుకోవాలట, గుంట ఎవరిదో వాళ్ల మీద.

"మరి కుళాయి?" అన్నాను.

"అది మా ఆఫీసు పని కాదమ్మా."

"పోనీ ఒక్కటి చెప్పండి. ఆ నీళ్లు ఎక్కడ పొయ్యాలి? అప్పుడు ఎవరూ సరిగ్గా చెప్పలేదు. ఇప్పుడు మీరు చెప్పండి, చదువుకున్నవాళ్లు."

ఆయన మేనేజరు వైపు చూశాడు. మేనేజరు ఆయన వైపు చూశాడు. "అది కూడా మా పరిధిలోకి రాదు" అన్నాడు ఆఫీసరు.

పంపు పిడి విప్పేసి, ఎవరూ వాడకూడదని గొట్టానికి ఎర్రరంగు పూసి వెళ్లారు.

ఎవరూ నన్ను తిట్టలేదు. తిడితే నాలుగు తిరిగి అందామని గొంతు సవరించుకుని నిలబడ్డాను. ఒక్కొక్కళ్లే ఇళ్లలోకి పోయి తలుపులు వేసుకున్నారు. దర్జీ భార్య చివరగా వెళ్లింది. తన మోచేతులు చూసుకుంటూ వెళ్లింది.

జూలై 4, బుధవారం

తలుపు తీసేసరికి గుమ్మంలో మంచినీళ్ల క్యాను ఉంది. నిండుగా. మనిషి లేదు.

జూలై 5, గురువారం

క్యాను ఉంది. మనిషి లేదు.

జూలై 6, శుక్రవారం

దర్జీ భార్య క్యాను దించుతుంటే చూశాను. "ఏమ్మా" అన్నాను. దించి వెళ్లిపోయింది. మనవరాలు వెనకాలే వచ్చి, నేను పంపిన ఐదు జామకాయలు గుమ్మంలో పెట్టి వెళ్లింది. ఐదూ ఉన్నాయి.

జూలై 9, సోమవారం

ప్రెస్సు గుమ్మం మీద పచ్చాకు బొమ్మ పెట్టారని ప్రూఫులమ్మ విని వచ్చింది. పెద్ద కంపెనీ పని వచ్చేసిందట. "ఇప్పుడు గుడ్డలెవరు ఉతుకుతున్నారట?" అన్నాను. "నీకెందుకు వదినా" అంది. తెలుసు కానీ చెప్పడం లేదు. సాయంత్రానికి కక్కించాను. రైలు కట్టకు అవతల ఒకావిడ, భర్త లేని మనిషి, నాకంటే పదేళ్లు చిన్నది.

జూలై 12, గురువారం

వెళ్లాను. మోకాళ్లు సగం దారిలో మొండికేశాయి. కట్ట మీద కాసేపు కూర్చుని మళ్లీ నడిచాను.

ఇల్లు వెతుక్కోనక్కర్లేకపోయింది. తీగ మీద గుడ్డలు ఆరుతున్నాయి. ఇరవై ఏడేళ్లు నా తీగమీద ఆరినవే, ఆ నీలం మరకది నాకు తెలుసు. ఆవిడ తొట్టి దగ్గర కూర్చుని ఉంది. సోడా ఎక్కువ వేస్తోంది, చేతులు పోతాయి, ఆ మాట ముందు చెప్పాను. సంతోషించింది, పీట వేసింది.

అప్పుడు అన్నీ చెప్పాను. నిమ్మచెట్టు, గుంట, పంపు, ఎర్రరంగు.

విన్నంతసేపు విని పీట వంక చూసింది, ఎందుకు వేశానా అన్నట్టు. "నీ పని పోయిందని నా పొట్ట కొట్టడానికి ఇంత దూరం నడిచొచ్చావా పెద్దమ్మా?"

"నీ పొట్ట కొడితే నాకేం వస్తుంది? నువ్వు నీళ్లు తోడుకునే బావి ఎక్కడుంది?"

"ఉంది ఎక్కడో."

"నీళ్లు ఎక్కడ పోస్తున్నావు?"

ఆవిడ గోడ వైపు చెయ్యి చూపించింది. కొత్తగా తవ్విన గుంట, చుట్టూ మట్టి ఇంకా తడిగా ఉంది. పక్కన మిరపమొక్కలు నాలుగు, పచ్చగా ఉన్నాయి.

"ఏం కాదు పెద్దమ్మా. మేనేజరుగారు చెప్పారు. భూమి తాగేస్తుంది."

నేను ఏం చెప్పి ఉంటే నమ్మేది? నాకు ఎవరు ఏం చెప్పి ఉంటే నేను నమ్మేదాన్ని? దారంతా అదే ఆలోచించాను. నాకు ఎవరూ చెప్పలేదు అనుకుంటూ వచ్చాను ఇన్నాళ్లు. నిమ్మచెట్టు చెప్పింది కదా.

జూలై 16, సోమవారం

పొద్దున్నే లేచాను. సోమవారం కదా. చీర కుచ్చిళ్లు దోపుకుని తొట్టి కడిగాను. అడుగున అంటిన నలుపు ఇటుకముక్కతో రుద్ది రుద్ది కడిగాను, మూట వచ్చేలోపు తొట్టి శుభ్రంగా ఉండాలని. పంపు లేదు కాబట్టి గుమ్మంలోని క్యాను తెచ్చి, దర్జీ భార్య మోసుకొచ్చిన మంచినీళ్లు సగం అందులో పోసి కడిగాను.

ఆ నల్లనీళ్లు బకెట్లోకి తోడి, మూలకు మోసుకెళ్లి, గుంటలో పోశాను.

పోసి, బకెట్ దులిపి, బోర్లించి, నడుం నిమురుకుంటూ వెనక్కి తిరిగాను. అప్పుడు తెలిసింది. ముందు మూట రాదని తెలిసింది. రెండోది, ఎక్కడ పోశానన్నది, కాసేపు తర్వాత.

గుంట అంచున నిలబడి చూశాను. మెల్లగా దిగుతోంది. ఎప్పటిలాగే తాగుతోంది.

ప్రూఫులమ్మ గడప దగ్గరనుంచి చూస్తోంది. ఏం కనిపించిందో తెలియదు, మసక మసకగానే కనిపిస్తుంది ఇప్పుడు. లోపలికొచ్చి పుస్తకం తెరిచి కూర్చుంది. ఇదంతా చెప్పాను. చివరికి వచ్చేసరికి కలం ఆపింది.

"నీళ్లు ఎక్కడ పోశావో రాయనా వదినా?"

రాయి అన్నాను.